చింతచెట్టు – పెరుగు క్రిమి : రెండు పులుపుల పాఠం



వేసవి వచ్చిందంటే మన పాల సంఘాలలో ఒక మాట తరచు వినబడుతుంది. "పిండినప్పుడు పాలు బాగానే ఉన్నాయి. మా బర్రెకు ఏ రోగమూ లేదు. ఒక్క చుక్క నీరు కలపలేదు. మరి నా పాలు ఎందుకు తిప్పి పంపుతున్నారు?" కార్యదర్శి పరీక్ష గొట్టంలో కొంచెం పాలు పోసి మరిగించి చూపుతాడు. పాలు విరిగి, గొట్టం గోడకు తునకలు తునకలుగా అంటుకుంటాయి. అయినా సభ్యుడికి మనసు ఒప్పదు. తెల్లవారుజామున లేచి, మేత వేసి, నీళ్లు పెట్టి, పిండి తెచ్చిన పాలు. ఒక పూట కష్టం నేలపాలు. పైగా కార్యదర్శి మీద అనుమానం, సంఘం మీద కోపం.

ఆ సభ్యుడు అబద్ధమాడటం లేదు. పరీక్ష కూడా అబద్ధమాడటం లేదు. పిండినప్పుడు పాలు నిజంగా బాగానే ఉన్నాయి. పిండినప్పటికీ, సంఘానికి తెచ్చినప్పటికీ మధ్య ఏదో జరిగింది. ఏమి జరిగిందో తెలుసుకొనడానికి ఈ పాఠంలో రెండు జీవాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి ఊరి పొలిమేరలో నిలబడి ఉన్న చింతచెట్టు. దానిని చిన్ననాటి నుండి ఎరుగనివారు వరంగల్ ప్రాంతంలో ఉండరు. రెండవది పాలను తోడుపెట్టే క్రిమి. దానిని మనలో ఎవరమూ కంటితో చూడలేదు గాని, రోజూ చేతితో తాకుతూనే ఉన్నాం.

ఇద్దరూ పులుపు పనివారే

ఈ రెండింటికీ ఉమ్మడి గుణం ఒకటున్నది. రెండూ పులుపును తయారు చేస్తాయి. మన వంటింట్లో పచ్చిపులుసుకు పులుపునిచ్చేది చింత. మజ్జిగ చారుకు పులుపునిచ్చేది పెరుగు క్రిమి.

అయితే రెండు పులుపులూ ఒకటి కావు. చింతపండులోనిది ముఖ్యంగా టార్టారిక్ ఆమ్లం. పెరుగులోనిది లాక్టిక్ ఆమ్లం. లాక్టిక్ ఆమ్లాన్ని పులిసిన పాల నుండి 1780లో మొదట వేరు చేసినవాడు షీలే అనే స్వీడన్ దేశపు రసాయన శాస్త్రవేత్త. అంతకు సుమారు పదేళ్ల ముందు, ద్రాక్ష సారాయి పీపాలలో పేరుకొనే మడ్డి నుండి టార్టారిక్ ఆమ్లాన్ని వేరు చేసినవాడు కూడా ఆయనే.

చింతచెట్టు తన ఆకులు ఎండలో తయారు చేసుకున్న ఆహారం నుండి ఆమ్లాన్ని చేసి కాయలో దాచుకుంటుంది. పెరుగు క్రిమికి ఆకులు లేవు, ఎండతో పని లేదు. పాలలో నూటికి సుమారు ఐదు పాళ్లు చక్కెర ఉంటుంది. దానిని పాల చక్కెర, అంటే లాక్టోజ్ అంటారు. ఈ క్రిమి ఆ చక్కెరను తిని బతుకుతుంది. తిన్న తరువాత మిగిలినదే లాక్టిక్ ఆమ్లం. దానిని తనలో దాచుకోదు, బయటకు, అంటే మన పాలలోకి వదులుతుంది. చింతకు పులుపు ఒక నిల్వ. పెరుగు క్రిమికి పులుపు ఒక విసర్జన. ఈ తేడాను గుర్తుంచుకోండి.

జాతి అంటే ఏమిటి?

చింతచెట్టుకు శాస్త్రంలో 'టామరిండస్ ఇండికా' అని పేరు. 1753లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. అరబ్బులు చింతపండును 'తమర్ హిందీ', అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు. ఆ మాట నుండే ఈ పేరు వచ్చింది. నిజానికి చింత పుట్టిల్లు ఆఫ్రికా ఖండం. ఎంతో పూర్వమే మన దేశానికి వచ్చి మనదైపోయింది. కంది, పెసర, జనుము, మన పశువులకు వేసే లూసర్న్, ఇవన్నీ చింత కుటుంబంలోనివే.

పెరుగు క్రిములలో చాలా రకాలున్నాయి. వాటిలో ముఖ్యమైనదాని పేరు 'లాక్టోకాకస్ లాక్టిస్'. చల్లబరచని పచ్చిపాలు వాటంతటవే పులిసినప్పుడు సాధారణంగా ముందు వరుసలో ఉండేది ఇదే. పాలు పులియడం జీవం ఉన్న క్రిముల పని అని 1857లో ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ ప్రకటించాడు. తరువాత 1870ల దశకంలో బ్రిటన్‌కు చెందిన శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ ఈ ఒక్క క్రిమిని మిగిలినవాటి నుండి వేరు చేశాడు. ఆయన పద్ధతి మనం కూడా అర్థం చేసుకోదగినంత సులభమైనది. పులిసిన పాలను నీటితో ఎంతో పలుచన చేశాడు. ఒక్కొక్క చుక్కలో ఒక్క క్రిమి ఉంటే ఉండాలి, లేకుంటే లేదు అన్నంత పలుచన. ఆ చుక్కలను కాచిన పాలున్న గాజు పాత్రలలో వేశాడు. కొన్ని పాత్రలు పులిశాయి. కొన్ని తియ్యగానే ఉండిపోయాయి. క్రిమి పడిన పాత్రే పులుస్తుంది, పడనిది పులవదు అని తేలింది. పాలు వాటంతటవి పులవవు. ఇది మన పాఠానికి మొదటి సూత్రం.

లిస్టర్ దీనికి 'బాక్టీరియం లాక్టిస్' అని పేరు పెట్టాడు. 1909లో అది 'స్ట్రెప్టోకాకస్ లాక్టిస్' అయింది. 1985లో 'లాక్టోకాకస్ లాక్టిస్' అయింది. చింతకు లిన్నేయస్ పెట్టిన పేరు నేటికీ నిలిచింది గాని, ఈ క్రిమికి రెండుసార్లు పేరు మారింది. ఎందుకని? చెట్టు జాతిని గుర్తించడానికి ఆకు, పువ్వు, కాయ ఉన్నాయి. క్రిమికి అవేమీ లేవు. సూక్ష్మదర్శినిలో చూస్తే జంటలుగా, చిన్న గొలుసులుగా అతుక్కున్న గుండ్రని చుక్కలే. అటువంటి చుక్కలు గొంతునొప్పి తెచ్చే క్రిములలోనూ ఉన్నాయి. అందువలన శాస్త్రజ్ఞులు నేడు క్రిములలోని డి.ఎన్.ఏ. అనే వంశ లిపిని చదివి పోలుస్తున్నారు. రెండు క్రిముల లిపి నూటికి సుమారు 95 పాళ్లకు పైగా కలిస్తే వాటిని ఒకే జాతిగా లెక్కిస్తారు. 2001లో ఈ పెరుగు క్రిమి లిపిని మొదటిసారి పూర్తిగా చదివారు. అందులో సుమారు 24 లక్షల అక్షరాలున్నాయి. అక్షరాలు నాలుగు రకాలే. చింతచెట్టు వంశ లిపి కూడా ఆ నాలుగు అక్షరాలతోనే రాయబడి ఉన్నది. మన లిపీ అంతే, బర్రె లిపీ అంతే.

దేహంలో తేడా

చింతచెట్టు దేహం కోటానుకోట్ల కణాల కట్టడం. వేరు పని వేరుది, ఆకు పని ఆకుది, బెరడు పని బెరడుది. పెరుగు క్రిమి దేహం ఒకే ఒక కణం. తినడం, పెరగడం, సంతానం కనడం అన్నీ ఆ ఒక్క కణంలోనే జరుగుతాయి. వెయ్యి క్రిములను వరుసగా పేర్చితే దాదాపు ఒక మిల్లీమీటరు పొడవు వస్తుంది. కాబట్టి పాలగిన్నె అతుకులో, క్యాన్ సొట్టలో, వడగట్టే గుడ్డ పోగుల మధ్య లక్షలాది క్రిములు దాగి ఉన్నా గిన్నె మన కంటికి శుభ్రంగానే కనిపిస్తుంది.

ఇది అసలు పాలలో పుట్టిన జీవి కాదు. ఆకుల మీద, గడ్డి మీద బతికే జాతి. గడ్డి నుండి కొట్టంలోకి, కొట్టం నుండి పొదుగు మీదికి, చేతుల మీదికి, గిన్నెలలోకి చేరుతుంది.

నూరేళ్లు – పది గంటలు

ఈ రెండు జాతుల మధ్య అన్నింటికంటె పెద్ద తేడా కాలంలో ఉన్నది. మన పాలు పోవడానికి కారణం కూడా అక్కడే ఉన్నది.

చింతగింజ నాటితే మొలకెత్తడానికి వారం పది రోజులు పడుతుంది. కాపుకు రావడానికి ఎనిమిది, పదేళ్లు. ఆ తరువాత నూరేళ్లకు పైగా బతికి కాయగలదు. తాత నాటిన చెట్టు పండును మనుమడు తింటాడు.

పెరుగు క్రిమి పెరిగి పెద్దదై, నడుమ అడ్డుగోడ కట్టుకొని రెండుగా చీలుతుంది. తల్లి ఎవరో, పిల్ల ఎవరో చెప్పలేము. ఇది 30 డిగ్రీల వేడిలో హాయిగా పెరుగుతుంది. పొదుగు నుండి వచ్చే పాల వేడి 37, 38 డిగ్రీలు. ఆ వేడిలోనూ ఇది పెరగగలదు. మన ఎండాకాలపు రాత్రులలో ఇంట్లో పెట్టిన పాలు 30 డిగ్రీల దగ్గరే నిలిచిపోతాయి. అప్పుడే పిండిన పాలకు క్రిములను కొద్ది గంటలు ఆపగల సహజ శక్తి కొంత ఉంటుంది. ఆ శక్తి తీరిన తరువాత పెరుగుదల ఊపందుకుంటుంది. లెక్క సులభంగా ఉండటానికి, ఇది గంటకొకసారి రెట్టింపవుతుందని అనుకుందాం. ఇద్దరు సభ్యుల గిన్నెలను తీసుకుందాం.

మొదటి గిన్నె బాగా కడిగి ఎండబెట్టినది. అందులోని పాలలో ఒక్కొక్క మిల్లీలీటరుకు 1,000 క్రిములున్నాయి. మిల్లీలీటరు అంటే సుమారు ఇరవై చుక్కలు. గంటకు 2,000. రెండు గంటలకు 4,000. మూడు గంటలకు 8,000. పది గంటలకు 10 లక్షల 24 వేలు. సంఖ్య పెద్దదిగా కనబడినా పాల రుచిలో ఇంకా తేడా తెలియదు.

రెండవ గిన్నెను నిన్నటి పాల జిడ్డు అతుకులో ఉండగానే నీళ్లు తిప్పి పారబోసి వాడారు. అందులోని పాలలో మిల్లీలీటరుకు 1,00,000 క్రిములతో మొదలయింది. పది గంటలకు 10 కోట్ల 24 లక్షలు. ఈ పాలు మరిగిస్తే విరిగే స్థితికి వచ్చేస్తాయి.

మొదటి గిన్నెలోని పాలు ఆ స్థితికి రావడానికి ఇంకా ఆరేడు గంటలు పడుతుంది. అంటే గిన్నెను సరిగా కడిగినందుకు మనకు లభించిన లాభం ఆరేడు గంటలు. సాయంత్రం పాలు శీతలీకరణ కేంద్రానికి చేరడానికి ఆ గడువు చాలు.

చింతకు పది తరాలు గడవాలంటే నూరేళ్లు కావాలి. పెరుగు క్రిమికి పది గంటలు చాలు. చెట్టు విషయంలో ఒక నెల ఆలస్యం చేసినా దిద్దుకోవచ్చు. పాల విషయంలో ఒక గంట ఆలస్యానికి కూడా వెల ఉన్నది.

గింజ, అంటు, తోడు

చింత పువ్వు మీద తేనెటీగ వాలి, వేరొక చెట్టు పుప్పొడిని తెచ్చి అంటిస్తుంది. కాబట్టి గింజకు తల్లి గుణం కొంత, తండ్రి గుణం కొంత వస్తాయి. లావుకాయ చెట్టు గింజ నాటితే లావుకాయే కాస్తుందన్న నమ్మకం లేదు. మంచి చెట్టు గుణం చెడకుండా కావాలంటే దాని కొమ్మ తెచ్చి అంటు కట్టాలి. అంటు చెట్టు నాలుగైదు ఏళ్లకే కాపుకు వస్తుంది కూడా.

మన ఇళ్లలో తోడు వేయడం కూడా అంటు కట్టడం వంటిదే. నిన్నటి మంచి పెరుగు ఒక చెంచా తీసి గోరువెచ్చని పాలలో కలిపితే, ఆ చెంచాలోని క్రిములే నేటి పెరుగంతా నింపుతాయి. కమ్మని పెరుగు తోడు నుండి కమ్మని పెరుగు, చెడిన తోడు నుండి చెడిన పెరుగు.

అయితే ఒక వింత ఉన్నది. చింతచెట్టు తన గుణాన్ని పక్క చెట్టుకు అప్పివ్వలేదు. ఈ క్రిమి ఇవ్వగలదు. పాల చక్కెరను తినే నేర్పు పెరుగు క్రిమిలో చాలావరకు ఒక చిన్న విడి డి.ఎన్.ఏ. చుట్ట మీద ఉంటుంది. దానిని ప్లాస్మిడ్ అంటారు. ఇరుగు పొరుగు రైతులు విత్తనాలు బదులు ఇచ్చుకున్నట్లు, క్రిములు ఈ చుట్టను ఒకదానికొకటి ఇచ్చుకోగలవు. ఒక్కొక్కసారి అది జారిపోతుంది కూడా. జారిపోయిన క్రిమి పాలలో త్వరగా పెరగలేదు.

చింతగింజకు గట్టి పెంకు ఉంటుంది. నెలల తరబడి పడి ఉండి, అదను రాగానే మొలుస్తుంది. పెరుగు క్రిమికి అటువంటి పెంకు లేదు. 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు ఉంచితే చస్తుంది. డెయిరీలో పాశ్చరీకరణ చేసే వేడి అదే. కాని పాలలో పడే వేరే జాతి క్రిములు కొన్ని గింజ పెంకు వంటి కవచం కట్టుకొని మరుగును కూడా తట్టుకుంటాయి. కాచిన పాలు కూడా కొంతకాలానికి చెడిపోవడానికి అవి ఒక కారణం.

చింత చచ్చినా పులుపు చావదు

మన పెద్దల సామెత ఇది. మనిషి ముసలివాడైనా గుణం మారదని చెప్పడానికి వాడుతాం. పాల విషయంలో ఇది మాటకు మాటగా నిజం.

"కొంచెం పులిసిన వాసన వస్తే ఏమి? కాచితే క్రిములు చస్తాయి గదా" అని కొందరు సభ్యులు అడుగుతారు. నిజమే, క్రిములు చస్తాయి. కాని అవి అప్పటికే వదిలిన లాక్టిక్ ఆమ్లం చావదు. అది జీవి కాదు. వేడికి పోదు, చల్లదనానికి పోదు. క్రిమి చచ్చినా పులుపు చావదు.

తాజా పాలకు కూడా సహజంగా కొంత ఆమ్లత ఉంటుంది. లాక్టిక్ ఆమ్లం లెక్కలో అది నూటికి 0.13 నుండి 0.16 వరకు. క్రిముల పని వలన అది 0.2 దాటేసరికి పాలు మరుగుకు తట్టుకోలేక విరిగిపోతాయి. పచ్చిగా ఉన్నప్పుడు చూస్తే మామూలు పాల వలెనే ఉంటాయి. కార్యదర్శి గొట్టంలో పాలు మరిగించి చూసేది అందుకే. దానిని సి.ఓ.బి. పరీక్ష అంటారు. మన ఇంటి గిన్నెలో రాత్రి జరిగిన కథను ఆ గొట్టం చెబుతుంది. కథను రాసింది గొట్టం కాదు.

పులుపును చంపడానికి కొందరు సోడా కలుపుతారు. అది ఆమ్లాన్ని మరుగుపరుస్తుంది గాని క్రిములను తీసివేయదు. పైగా పులుపు తగ్గడం వలన క్రిములకు ఇంకా అనుకూలం అవుతుంది. ఇది కల్తీ, చట్టరీత్యా నేరం. రోజాలిక్ ఆమ్లం పరీక్షలో పాలు గులాబీ రంగుకు తిరిగి బయటపడుతుంది.

చల్లదనం సంగతి వేరు. పాలను 4 డిగ్రీలకు చల్లబరిస్తే పెరుగు క్రిమి చావదు, దాదాపు నిద్రపోతుంది. పాలు మళ్లీ వేడెక్కితే లేచి పనిలో పడుతుంది. పులుపు తయారయిన తరువాత చల్లబరచి ప్రయోజనం లేదు. తయారు కాకముందే చల్లబరచాలి.

ఒకరి చెట్టు – అందరి క్యాన్

మరొక తేడా మన సంఘానికి సంబంధించినది. ఒకరి పెరట్లో చింతచెట్టుకు పురుగు పట్టి కాయ చెడితే నష్టం ఆ ఇంటిదే. మన పాలు అలా కావు. పది ఇళ్ల పాలు ఒక క్యాన్‌లో కలుస్తాయి. పది ఊళ్ల క్యాన్‌లు ఒక బండిలో వెళతాయి. నేడు అనేక గ్రామాలలో బల్క్ కూలర్లు వచ్చాయి. అక్కడ ఊరందరి పాలు ఒకే తొట్టిలో కలుస్తాయి. ఒక్క ఇంటి గిన్నె అతుకులో దాగిన క్రిములు తొమ్మిది ఇళ్ల కష్టాన్ని పంచుకుంటాయి.

హనుమకొండ జిల్లా ముల్కనూరులో మహిళలు తమ సొంత సహకార డెయిరీని 2002లో మొదలుపెట్టారు. అక్కడైనా, మన సంఘంలోనైనా సూత్రం ఒకటే. లాభం కలిసి పంచుకుంటున్నామంటే శుభ్రత కూడా కలిసి పంచుకోవాలి. పులిసిన పాలను తిప్పి పంపే కార్యదర్శి ఆ ఒక్క సభ్యుడికి శత్రువు కాడు, మిగిలిన తొమ్మిది మందికి కాపరి.

మనం చేయవలసిన పనులు

1. పిండే ముందు చేతులు, పొదుగు కడిగి, శుభ్రమైన గుడ్డతో తడి లేకుండా తుడవాలి. మొదటి రెండు మూడు ధారలు వేరే గిన్నెలో పిండి పారబోయాలి, కొట్టం నేల మీద కాదు.

2. అతుకులు లేని స్టీలు గిన్నె మంచిది. ఇత్తడి చెంబును చింతపండుతో తోమితే మెరుస్తుంది, చింత ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. కాని ఇత్తడిలో, రాగిలో పాలు నిల్వ ఉంచరాదు. ఆ లోహం వలన వెన్న రుచి చెడుతుంది.

3. గిన్నెను ముందు చల్లనీటితో కడగాలి. ముందే వేడినీరు పోస్తే పాల జిడ్డు గట్టిపడి అంటుకుంటుంది. తరువాత చాకలి సోడా కలిపిన వేడినీటితో తోమి, మంచినీటితో కడిగి, ఎండలో బోర్లించాలి. ఎండ, పొడిదనం రెండూ క్రిములకు శత్రువులు. వడగట్టే గుడ్డను రోజూ ఉడికించి ఎండవేయాలి.

4. పిండిన వెంటనే గిన్నెను చల్లనీటి తొట్టిలో నిలబెట్టి, తడి గోనె చుట్టి, వీలైనంత త్వరగా సంఘానికి తేవాలి. సాయంత్రం పాలను ఉదయం పాలలో కలపరాదు.

5. ఈనిన తరువాత మొదటి ఐదు రోజుల జున్నుపాలు, పొదుగువాపు ఉన్న పశువు పాలు కలపరాదు. పొదుగువాపుకు మందు ఎక్కించినట్లయితే, పశువైద్యుడు చెప్పిన రోజులు పూర్తయ్యే వరకు ఆ పాలు సంఘానికి పోయరాదు. ఆ మందు పాలలోకి దిగి పెరుగు క్రిమిని కూడా చంపుతుంది. డెయిరీలో వేసిన తోడు పేరుకోకపోవడానికి అది ఒక కారణం.

పెరుగు క్రిమి మనకు శత్రువు కాదు. దానిని మనం పిలిచిన చోట, పిలిచిన వేళకు వస్తే పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి అవుతుంది. పిలవని క్యాన్‌లోకి వస్తే అదే నష్టం. ఊరి చివర చింతచెట్టు రేపు కూడా అక్కడే ఉంటుంది. పొయ్యి మీద కాగకముందు గిన్నెలో ఉన్న పాలు మాత్రం గంట గంటకు మారుతూనే ఉంటాయి.

సంఘ సమావేశంలో చర్చించుకొనడానికి ప్రశ్నలు

1. చింతలోని పులుపుకూ, పెరుగులోని పులుపుకూ తేడా ఏమిటి? రెండూ ఎలా తయారవుతాయి?

2. మిల్లీలీటరుకు 5,000 క్రిములతో మొదలయిన పాలలో గంటకొకసారి రెట్టింపయితే, ఆరు గంటలకు ఎన్ని ఉంటాయి?

3. పులిసిన పాలను కాచినా, చల్లబరచినా, సోడా కలిపినా మంచి పాలు ఎందుకు కావు?

4. మీ ఇంటి పాలగిన్నెలో అతుకు ఎక్కడున్నది? ఈ రోజు దానిని ఎలా కడిగారు?